చివర కూర్చున్న ఆడబిడ్డ

నా నోరు మంచిది కాదు. ఈ మాట నేను చెప్పుకోవాల్సిన పని లేదు, నాచారంలో మా గల్లీలో ఎవర్ని అడిగినా చెబుతారు. కూరగాయల బండివాడు నా సంచిలో కుళ్లిన టమాటా ఒకటి కలిపితే, వాడు మళ్లీ మా గల్లీలోకి రావడానికి జంకుతాడు. అయితే నేను ఊరికే ఎవర్నీ అనను. నన్ను అన్నవాళ్లనే అంటాను, అన్నదానికి కొంచెం కలిపి తిరిగి ఇస్తాను. మా అన్న బాలనర్సింహను నాలుగేళ్ల కింద ఒకే ఒక్క మాట అన్నాను. ఆ ఒక్కటీ తగిలిందని మా వాళ్లంతా నమ్మారు.

అన్న పీర్జాదిగూడలో కొత్త ఇల్లు కట్టాడు. మాది ఉప్పల్ పాత ఊరే, ఒకప్పుడు సేద్యం చేసిన కుటుంబం. గృహప్రవేశం నాడు ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోస్తామని వదిన తారామణి మా ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి మరీ పిలిచింది. తెలియనివాళ్లకు చెబుతున్నాను, ఒడిబియ్యమంటే పుట్టింటివాళ్లు పెళ్లైన ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, చాచిన కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ పెట్టడం. ఆ బియ్యంతో ఎవరి కడుపూ నిండదు. ఈ ఇంట్లో నీకు ఇంకా చోటుందని నలుగురి ముందు చెప్పడం అది.

ఆ రోజు పీటల మీద ముగ్గురం కూర్చున్నాం. ముందు మా చిన్నాయన బిడ్డలిద్దరు, చివర గోడ పక్కన నేను. వదిన పళ్లెం పట్టుకుని నిలబడింది. అన్న దోసిళ్లతో బియ్యం తీసి మొదటి చెల్లెకు పోశాడు, రెండో చెల్లెకు పోశాడు. నడుం నిటారుగా చేసి వదిన చెవిలో ఏదో అన్నాడు, ఆమె తల ఊపింది. అంతే, అటు తిరిగి పంతులు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను కొంగు చాచుకుని అలాగే కూర్చుని ఉన్నాను.

గది నిండా చుట్టాలు. ఎవరో ముసిముసిగా నవ్వారు కూడా. నవ్వరా మరి? అంతకు ముందే నేను ఆ ఇంటి మెట్లు చూసి, గోదాముకు కట్టినట్టు కట్టారేమిటని అందరి ముందూ అన్నాను. దానికి అన్న జవాబు ఇదని అందరికీ అర్థమైపోయింది. నాకూ అర్థమైపోయింది. నోరు తెరిచి నాకూ పోయమని అడుక్కోవాలా? నా గొంతులో ప్రాణం ఉండగా అడగను. లేచి, ఖాళీ కొంగు అందరి ముందూ దులిపాను.

"చివరకు కూసున్న ఆడబిడ్డ కనవడలేదా? నీ కండ్లు వోను!"

శుభమా అని కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు అది. పంతులు మంత్రం ఆపేశాడు. అన్న తెల్లబోయి నిలబడ్డాడు. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. అన్న కొడుకు పుట్టినరోజుకు పిలుపొస్తే వెళ్లలేదు, మా ఇంట్లో పూజకు వాళ్లను పిలవలేదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు రాజీ చేయబోయేవారు, వాళ్లకు చాయ్ పోసి పంపేదాన్ని. ఖాళీ కొంగుతో లేచిన ఆ క్షణం గుర్తొచ్చినప్పుడల్లా చెవుల దగ్గర వేడెక్కేది. పగ ఎలా ఉంటుందని అడిగితే, నాకైతే అలా ఉంటుంది.

ఇప్పుడు నా పని గురించి చెప్పాలి. ఉప్పల్ దగ్గర ఒక దవాఖానాలో ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌ని నేను. మెదడు ఆపరేషన్లకు వాడే ఎండోస్కోపులు నా చేతి మీద నడుస్తాయి. పెన్సిలంత సన్నటి కడ్డీ, దాని కొనకు కన్ను, ఇవతలి చివర కెమెరా. మెదడు కింద, ముక్కు వెనక పెరిగే గడ్డల్ని ఇప్పుడు తల కోయకుండా ముక్కులోంచే తీసేస్తారు. ఇదివరకు మైక్రోస్కోపు పెట్టి చేసేవారు. అందులో సొరంగంలోకి తొంగి చూసినట్టు నేరుగా ఉన్నదే కనబడేది. పక్కన దాక్కున్న గడ్డ దాక్కున్నట్టే మిగిలిపోయేది. ఈ స్కోపు అలా కాదు, లోపలికి వెళ్లి అక్కడ కళ్లు తెరుస్తుంది. కొన్నింటి కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, అవి మూల తిరిగి పక్కకు చూస్తాయి. మా పెద్ద తెర మీద వెంట్రుకంత రక్తనాళం కూడా తాడులా కనబడుతుంది.

ఇంత చూసే నాకు రోగుల చూపు గురించి మాత్రం ఏమీ తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు మత్తులో వస్తారు, మత్తులోనే వెళ్తారు. వాళ్ల తల లోపల ఏముందో చూస్తాను గానీ, వాళ్లు మెలకువగా ఉన్నప్పుడు ఏం చూడగలరో, ఏం చూడలేరో నేనెప్పుడూ అడగలేదు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం వదిన మా ఇంటికొచ్చింది. చేతిలో క్యారీబ్యాగు, అందులో బియ్యం, పసుపు, రెండు కుడుకలు. గుమ్మంలో నిలబడే ఏడ్చింది. అన్నకు చూపు పోతోందట. ఎన్ని అద్దాలు మార్చినా లాభం లేకపోతే ఎవరో స్కానింగు రాశారట. ముక్కు వెనక, మెదడు కింద గడ్డ ఉందట, కంటి నరాల్ని కింది నుంచి నొక్కుతోందట. ఆపరేషన్ చేయించకపోతే రెండు కళ్లూ పోతాయని డాక్టర్లు చెప్పారట. అన్న మాత్రం వద్దన్నాడట. చెల్లె నోటి మాట తగిలింది, ఆమె వెనక్కి తీసుకోకుండా బల్ల మీద పడుకుంటే లేవను అంటున్నాడట. ఆడబిడ్డ ఉసురు మందులకు లొంగదని మా పెద్దమ్మలిద్దరు పక్కన కూర్చుని ఎగదోస్తున్నారట.

అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది. నాలుగేళ్లు కాలిన కడుపు. నన్ను పీట మీద ఖాళీగా కూర్చోబెట్టిన మనిషి నా మాటకు భయపడి మంచం పట్టాడు! మా ఆయన లక్ష్మీకాంత్ లోపలి నుంచి వచ్చి కుర్చీ వేశాడు గానీ నేను వదినను కూర్చోమనలేదు.

"ఒడిబియ్యం క్యారీబ్యాగుల వస్తయా వదినా?" అన్నాను. "గా మాట నా నోట్లకెళ్లి ఎప్పుడో ఎల్లిపోయింది. ఎనక్కి దీస్కునేతందుకు నా దగ్గర లేదు. నువ్వు వో."

ఆమె బియ్యం గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయింది. మా ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, నెమ్మది మనిషి. దవాఖానాలో పని చేసేదానివి, శాపాలతో గడ్డలు రావని నీకు తెలియదా, ఆ ఒక్క ముక్క ఆయనకు చెప్పవచ్చు కదా అన్నాడు. నాకు తెలుసన్నాను, వాళ్లకు తెలియాల్సిన పనేముందని కూడా అన్నాను. ఆ పూట ఆయన అన్నం తనే వడ్డించుకున్నాడు.

మర్నాడు పనిలో నా మనసు మనసులో లేదు. ఇలాంటి గడ్డను వదిలేస్తే ఎంత త్వరగా గుడ్డివాళ్లవుతారో, ఎంత చీకటో, మా సర్జన్ అచ్యుతరావు గారి నోటి నుంచి వినాలనిపించింది. జాలితో కాదు. తీపి తిన్నాక ఇంకో ముక్క అడిగినట్టు, అంతే. స్కోపుల సంగతి ఏదో సాకు పెట్టుకుని ఆయన రోగుల్ని చూసే గదికి వెళ్లాను.

అక్కడ కాప్రా నుంచి వచ్చిన ఒక పెద్దామె, ఆమె కోడలు కూర్చుని ఉన్నారు. పెద్దామెకూ అలాంటి గడ్డేనట. కోడలు డాక్టర్‌తో గోడు వెళ్లబోసుకుంటోంది. అత్తమ్మ తనను చూసీ చూడనట్టు పోతుందట. పక్కన నిలబడితే పలకరించదట. పక్కన పెట్టిన గ్లాసును మోచేత్తో తోసేస్తుందట. కావాలనే చేస్తోందని ఇంట్లో రోజూ లొల్లి అట.

అచ్యుతరావు గారు కుర్చీ జరుపుకుని పెద్దామెకు ఎదురుగా కూర్చున్నారు. తన ముక్కు వైపే చూడమన్నారు. చేతులు రెండూ బార్లా చాచి, రెండు వైపులా వేళ్లు కదిలించారు.

"నా వేళ్లు కదులుతున్నాయా అమ్మా?"

"ఏ వేళ్లు బిడ్డా?" అంది పెద్దామె.

ఆయన వేళ్లు కదుపుతూ చేతుల్ని మెల్లగా ముందుకు తెచ్చారు. దాదాపు ఆమె ముఖం ముందుకు వచ్చేదాకా ఆమెకు కనబడనే లేదు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఆమెకు నిదానంగా చెప్పారు. రెండు కళ్ల నరాలు కలిసే చోట గడ్డ నొక్కుతుంది కాబట్టి ముందు పక్క చూపులు పోతాయి. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది కాబట్టి మనిషికే తెలియదు. తలుపులకు గుద్దుకుంటారు, బండి పక్కలు గీరుకుంటాయి, ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు. ఏళ్లకేళ్లు అలాగే గడిచిపోతాయి.

నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. గృహప్రవేశం నాడు పొద్దున అన్న కొత్త గుమ్మానికే భుజం కొట్టుకున్నాడు. కట్టించుకున్నవాడికే కొలత తెలియదా అని నవ్వింది నేనే. గడప పక్కన పెట్టిన నీళ్ల చెంబును తన్నేశాడు. కొత్త బండికి అప్పటికే రెండు పక్కలా గీతలు. ఇద్దరు చెల్లెళ్లు ఎదురుగా కూర్చున్నారు, వాళ్లు కనబడ్డారు. నేను చివర, గోడ పక్కన.

నా తిట్టు తగిలి కళ్లు పోవడం కాదు. పోతున్న కళ్లనే నేను తిట్టాను.

ఎవరైనా ఇంకొకరైతే అక్కడ కరిగిపోయేవారేమో. నాకు మాత్రం కోపం ఇంకా ఎక్కువైంది. నాలుగేళ్లు నెత్తిన పెట్టుకు మోసిన పగ, ఎవరి మీద దించుదామన్నా మనిషే లేడు! రోగుల గది నుంచి థియేటర్ దాకా నడుస్తూ పళ్లు కొరుక్కున్నాను. స్కోపులు కడిగే సింకు దగ్గరికి వచ్చేసరికి ఒక సంగతి తట్టింది. అన్నకు పక్కచూపు లేదు, సరే. అన్న పక్కన పళ్లెం పట్టుకున్న మనిషికి రెండు కళ్లూ సక్కగా ఉన్నాయి కదా. ఆమె తల దేనికి ఊపినట్టు?

ఆ సాయంత్రమే పీర్జాదిగూడ వెళ్లాను. నాలుగేళ్ల తర్వాత ఆ గోదాము మెట్లు ఎక్కాను. అన్న హాల్లో సోఫా మీద కూర్చుని ఎదురుగా టీవీ చూస్తున్నాడు. చిక్కిపోయాడు. నేను చప్పుడు కాకుండా సోఫా పక్కకు వెళ్లి, ఆయన భుజానికి మూరెడు దూరంలో నిలబడి, చెయ్యి చాచి వేళ్లు కదిలించాను. టీవీ వైపే చూస్తున్నాడు. ఇంకా గట్టిగా ఊపాను, గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకుని మరీ ఊపాను. లేదు. నేను పుట్టినప్పటి నుంచీ నన్ను చూసినవాడు, పక్కనే నిలబడితే నేను అక్కడ లేను.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కిందపడక ముందే వంటింట్లోకి వెళ్లాను.

వదిన పొయ్యి దగ్గర ఉంది, నన్ను చూసి గరిటె వదిలేసింది. ఆ రోజు అన్న నీ చెవిలో ఏమన్నాడని అడిగాను. యాదికి లేదంది. యాదికి వచ్చేదాకా ఇక్కడే నిలబడతానన్నాను. పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరిపోయింది, ఇద్దరం దాన్ని ముట్టలేదు. చివరికి ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది.

"అందరికైనయా అని అడిగిండు. అయినయ్ అన్న."

"నేను కనవడలేదా నీకు?"

"కనవడ్డవ్." ఆమె నా వైపు తిరిగింది. "నా ఇల్లు గోదాం లెక్కున్నదని అందరి ముంగట అంటివి. ఎన్నేండ్లు కలగన్న ఇల్లు ప్రవీణా. జరసేపు గట్లనే కూసోనీ అనుకున్న. నువ్వే నోరు తెరిచి అడుగుతవ్, అప్పుడు వోద్దమనుకున్న. నువ్వు అడగకపోతివి, తిడితివి. గా తర్వాత జెప్పుడు నాతోని కాలే. మీ అన్నకు జెప్పకు, నీ కాళ్లు మొక్కుతా. నా తోని కాపురం జెయ్యడు."

ఆమె చెప్పిన కారణం నాకు అర్థం కాకపోలేదు. నేనైనా అంతే చేసేదాన్నేమో. అయితే ఏమిటి? అర్థమైనంత మాత్రాన పగ పోతుందా? ఎట్టకేలకు దానికి ఒక మొహం దొరికింది, అది నా ముందే పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మా అన్నకు చెప్పనని మాటిచ్చాను. ఇచ్చిన మాట నేను తప్పను, అది కూడా మా గల్లీలో అడగండి. చెప్పేస్తే ఒక్క పూటలో తీరిపోతుంది. చెప్పకుండా దగ్గర పెట్టుకుంటే బతుకంతా నాదే.

హాల్లోకి వచ్చి అన్నకు ఎదురుగా, కనబడేటట్టు నిలబడ్డాను. లేవబోయాడు, కూర్చోమన్నాను. ఎన్నాళ్లకొచ్చినవ్ చెల్లె అన్నాడు. ఆ మాట దగ్గర నా నోరు తడబడింది. శాపాలూ లేవు, మన్నూ లేదు, నీకు గడ్డ అప్పటికే ఉందని చెప్పేయాలనిపించింది. చెబితే నమ్ముతాడా? పెద్దమ్మలు నమ్మనిస్తారా? మెదడు ఆపరేషన్ అంటేనే గజగజలాడే మనిషి, భయానికి నా తిట్టును అడ్డం పెట్టుకున్నాడు. అడ్డం పెట్టుకున్నదాన్నే పట్టుకుని లాగుదామనుకున్నాను.

"తిట్టింది నేను, తీసేది నేనే," అన్నాను. "గిట్ల సోఫా మీద కూసుంటె తీయ. మా దవాఖానకు రా. మా సార్ స్కోపు వెట్టి గడ్డ మొదలు జూపియ్యాలె. దాన్ని నా కండ్లతోని జూసినంక తీసుకుంట ఎనక్కి. ఒప్పుకుంటె ఒప్పుకో, లేకపోతె గట్లనే గోడలు గుద్దుకుంట తిరుగు."

నువ్వుంటవా లోపల అని అన్న అడిగాడు. ఉంటానన్నాను. సరేనన్నాడు. ఎంతమంది డాక్టర్లు చెప్పినా వినని మనిషి! మా ఆయనకు ఇంటికొచ్చి చెబితే, గడ్డ అప్పటికే ఉందన్న అసలు సంగతి ఇంకా చెప్పలేదన్నమాట అన్నాడు. ఎందుకు చెబుతానన్నాను. నా నోటికి ఇంత విలువ ఇంకెప్పుడు వస్తుంది?

అచ్యుతరావు గారికి మాత్రం బల్ల మీదకు వచ్చేది మా అన్నేనని చెప్పాను. అయితే సామాన్లు అందించే పని నీకొద్దు, వేరేవాళ్లు చూస్తారు, నువ్వు తెర దగ్గర నిలబడు, కాళ్లు వణికితే బయటికి వెళ్లిపో అన్నారు. నా కాళ్లు వణకవన్నాను. వణికాయి, అది వేరే సంగతి.

అన్నకు మత్తిచ్చాక మొహం చుట్టూ ఆకుపచ్చ గుడ్డలు కప్పారు. ముక్కు ఒక్కటే బయటికి ఉంది, మా నాన్న ముక్కే. స్కోపు కొనకు తెల్లటి కట్టుగుడ్డ చూపించి తెర మీద రంగులు సరి చేశారు. ఆ తెలుపు సరిగ్గా కుదరకపోతే రక్తానికీ గడ్డకూ తేడా తెలియదు. స్కోపు ముక్కులోకి వెళ్లింది. గులాబీ రంగు గోడలు, వాటి వెనక పెంకులాంటి ఎముక. ఆ ఎముకను సన్నగా అరగదీసి తెరిచారు. లోపల పొర కోయగానే గడ్డ పొంగుకొచ్చింది. బూడిదరంగు, మెత్తన, చూస్తే చద్దిబువ్వ ముద్దలా ఉంది. అది కాదూ నా పుట్టింటిని మింగింది!

ఒక్కో చెంచా తీస్తుంటే నా లోపల ఒక్కో తిట్టు వెళ్లింది. బయటికి అనలేదు గానీ, మా గల్లీ ఎప్పుడూ వినని తిట్లవి. స్కోపు అద్దం మసకబారినప్పుడల్లా నీళ్లు కొట్టి కడుగుతున్నారు, మళ్లీ తెల్లారినట్టు వెలుగు. కాసేపటికి గడ్డ ఉన్న గూడు ఖాళీ అయింది. నేరుగా చూసే స్కోపులో అంతా శుభ్రంగా ఉంది. పాత కాలం మైక్రోస్కోపు అయితే అక్కడికి సంతోషించి మూసేసేవారు.

అచ్యుతరావు గారు ఏటవాలు స్కోపు అడిగారు. దాన్ని లోపలికి పోనిచ్చి, మెల్లగా పక్కకు తిప్పారు. తెర మీద గోడ తిరిగింది, మూల తిరిగింది. ఆ మూలలో, మెడలోంచి మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం కొట్టుకుంటోంది, దాన్ని ఆనుకుని, గోడ పక్కన, చివర ఒక ముక్క కూర్చుని ఉంది.

అక్కడ కాస్త అటూ ఇటూ అయితే రక్తం ఆగదు, మనిషి బల్ల మీదే పోతాడు. అది వదిలేస్తే మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కళ్లు నొక్కుతుంది. వంకర కొన ఉన్న సన్నటి పనిముట్టు ఒకటి తెర మీదికి వచ్చి, నాళం కొట్టుకుంటుంటే దానితో పాటే ఆగుతూ కదులుతూ, ఆ ముక్కను కొంచెం కొంచెంగా ఒలిచింది. ఊడి వచ్చింది. గూడు పైనున్న పల్చటి పొర, ఇన్నాళ్లూ గడ్డ పైకి నెట్టిన పొర, మెల్లగా కిందికి జారి ఊపిరి తీసుకున్నట్టు కదలడం మొదలుపెట్టింది. దాని పైనే కంటి నరాలు. వాటి మీద బరువు దిగిపోయింది.

"పో!" అన్నాను, పైకే.

అందరూ నా వైపు చూశారు. అచ్యుతరావు గారు తెర మీద నుంచి చూపు తిప్పకుండా, ఎవర్నమ్మా అన్నారు. ఎవర్నీ కాదన్నాను. తిట్టు వెనక్కి తీసుకోవడమంటే అదే, మా అన్న అడిగినా అదే చెప్పేదాన్ని.

రెండు రోజులకు అన్నను వార్డులోకి మార్చారు. ముక్కులో దూదులు, తుమ్మకూడదు, చీదకూడదు, వంగకూడదు. నేను తలుపులోంచి వచ్చి, మంచం పక్కన, దూరంగా నిలబడ్డాను. ఆయన ఎదురుగా గోడ మీది గడియారం చూస్తున్నాడు. చెయ్యి చాచి వేళ్లు కదిలించాను.

"ఏంది చెల్లె, గా వేళ్లు గట్ల ఊపుతున్నవ్?" అన్నాడు, తల తిప్పకుండానే.

నేను బయటికి వచ్చి ఏడ్చాను. ఏడిస్తే నాకు కోపం వస్తుంది, సెలైన్ స్టాండ్ దారికి అడ్డం పెట్టిన ఆయాను పట్టుకుని చెడామడా తిట్టాను. లోపలికి వెళ్లాక, వెనక్కి తీసుకున్నవా అని అడిగాడు. తీసుకున్నానన్నాను. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోతే ఆ చేతుల మీద ఒకటి వేశాను.

కొన్నాళ్లకు పీర్జాదిగూడలో మళ్లీ ఒడిబియ్యం పెట్టుకున్నారు. అప్పుడు నవ్విన చుట్టాలందరినీ పిలవమని నేనే అన్నాను. వదిన నన్ను మొదటి పీట మీద కూర్చోమంది. వద్దన్నాను. అప్పుడెక్కడ కూర్చున్నానో అక్కడే కూర్చుంటానని చిన్నాయన బిడ్డల్ని జరిపి, చివర గోడ పక్కన కూర్చున్నాను. వదిన పళ్లెం పట్టుకుంది. అన్న మొదటి చెల్లెకు పోశాడు, రెండో చెల్లెకు పోశాడు, నా దగ్గరికి వచ్చాడు. దోసిలి మీద దోసిలి, కుడుకలు, రవిక గుడ్డ. కొంగు బరువెక్కింది. పోసేటప్పుడు ఆయన చేతులు నా చేతులకు తగిలాయి, చల్లగా ఉన్నాయి.

అక్కడితో ఊరుకుంటే నేను మంచిదాన్నే అయ్యేదాన్ని. అయితే పళ్లెం వెనక వదిన మొహం చూశాను. గండం గడిచిపోయిందని ఊపిరి పీల్చుకుంటోంది. నా ఖాళీ కొంగు గుర్తొచ్చింది, చెవుల దగ్గర వేడెక్కింది. అన్నకు చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు. అడిగాను, అంతే.

"అందరికైనయా వదినా?"

చుట్టాలకు అది మామూలు మాట. ఒకామె అయినయ్ అయినయ్ అని కూడా అంది. వదిన చేతిలో పళ్లెం గలగలమంది, ఒక కుడుక దొర్లి కిందపడింది. ఆమె మొహంలో రక్తం లేదు.

అన్న నాకు ఎదురుగా నిలబడి, నా వైపే చూస్తున్నాడు. వదిన ఆయన ఎడమ పక్కన, భుజానికి మూరెడు దూరంలో ఉంది. నాలుగేళ్ల కింద అక్కడ నిలబడిన మనిషి మొహం ఆయనకు కనబడేది కాదు. ఇప్పుడు ఆ పక్క కూడా చూపు వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు, వేళ్లు ఊపి చూసింది నేనే కదా. అయినా ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు, ఒట్టు.

ఆయన తల తిప్పలేదు. నవ్వు మాత్రం మెల్లగా పోయింది.

"గప్పుడు నేను గిదే మాట అడిగిన తారామణీ," అన్నాడు, చాలా నెమ్మదిగా. "నువ్వేమన్నవో నాకు యాదికుంది."

ఆయన వదిన చేతిలోంచి పళ్లెం తీసుకుని కింద పెట్టాడు. గదిలో మిగతావాళ్లు పసుపు కుంకాల మాటల్లో ఉన్నారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. దొరికింది. తీయగానే ఉంది, కాదనను, గొంతు దిగేటప్పుడు మాత్రం కొంచెం గీసుకుంది.

నిండిన ఒడితో ఆడబిడ్డ తనంతట తాను లేవదు, వదిన చెయ్యి పట్టి లేపాలి. ఆమె వంగి చెయ్యి చాచింది. పట్టుకున్నాను. గాజులు ఇద్దరికీ నొక్కుకునేంత గట్టిగా పట్టుకున్నాను, ఆమె కూడా వదల్లేదు. పక్కన నిలబడి అన్న అంతా చూస్తూనే ఉన్నాడు.